అప్రూవ్ బటన్‌కు టెంకాయ

ఆ రోజు పొద్దున గంగాధర్ ప్లాను చాలా చిన్నది. ముత్యాలప్ప ఆఫీసుకు వస్తాడు, వెబ్‌సైటు ఏం ఒరగబెట్టిందని అడుగుతాడు. "ఏమీ లేదన్నా" అని చెప్పి, ఫ్యాను కింది కుర్చీకి ఒక దండం పెట్టి, బోరు బండి ఎక్కేయడం. అంతే.

ముత్యాలప్పది రాప్తాడులో హైవే పక్కన బోర్‌వెల్ కంపెనీ. కంపెనీ అంటే మరీ ఊహించుకోకండి: ఒక గది, ఒక ఫ్యాను, బయట ఒక బోరు బండి. రెండువేల ఎనిమిది వేసవి మొదట్లో బెంగళూరు నుంచి ఒక కుర్రవాడు వచ్చి, వెబ్‌సైటు లేని కంపెనీ సిగ్నలు లేని సెల్‌ఫోనని బెదరగొట్టి, ఒక వెబ్‌సైటు కట్టించి వెళ్లాడు. అందులో "బోరు కావాలా?" అని ఒక ఫారం. పేరు, ఊరు, సెల్ నంబరు రాసి నొక్కితే చాలు. ఆ అడ్రసును ముత్యాలప్ప సోమందేపల్లె దాకా కనిపించిన ప్రతి గోడ మీదా రాయించాడు. బోరు బండి మీద పనిచేసే గంగాధర్ బీకాం చదివాడు గనక, అతన్ని దించి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

గంగాధర్‌కు ఆ కుర్చీ ప్రాణం. బోరు వేసేటప్పుడు లేచే రాతి దుమ్ము అతనికి పడదు. ఒక్కసారి పీల్చాడా, తుమ్ములు మొదలై కళ్లు వాచి, ఇంటికి పోతే వాళ్లమ్మే "ఎవరప్పా నువ్వు?" అని అడిగేది. పాపం, వేసవంతా మెయిలు తెరుస్తూ మూస్తూ గడిపాడు. ఒక్క మెయిలూ రాలేదు. "ఈ వారంలో ఒక్క బోరన్నా రాకుంటే నువ్వు మళ్లా బండెక్కాల్సిందే" అని ముత్యాలప్ప తేల్చి చెప్పాడు. వారం నిన్నటితో అయిపోయింది.

పోయేముందు చివరిసారి చూద్దామని గంగాధర్ వెబ్‌సైటు లోపలి పేజీ తెరిచాడు. హోం పేజీ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని బెంగళూరు కుర్రవాడు చెప్పి పోయాడు. ఉద్యోగమే పోతుంటే ఇంకా భయమేమిటి? పక్కనున్న మెనూ నొక్కాడు. అంతే, తెర నిండా పేర్లు! కిందికి జరిపితే ఇంకా పేర్లు! ఫారంలు మెయిలుకు రావట, అప్రూవ్ చేసేదాకా ఇక్కడే కూర్చుంటాయట! వేసవి మొత్తం ఇక్కడ కూర్చునే ఉన్నాయి!

"అన్నా! ముత్యాలన్నా!" అని గంగాధర్ వీధిలోకి పరుగెత్తాడు.

ముత్యాలప్ప అప్పుడే భార్య పుష్పావతితో స్కూటరు దిగుతున్నాడు. ఆమె గుడికి పోతోంది, చేతి సంచిలో టెంకాయ ఉంది. ముగ్గురూ తెర ముందు చేరారు. ముత్యాలప్ప కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇంతమందా! ఓర్నాయనో! ఈ నటాషా ఎవరప్పా? యా ఊరు?"

"రష్యా అన్నా. అది... బోరు కోసం కాదు. ఏవో మందులు అమ్ముతాండాది."

"మందులు అమ్ముకునే యమ్మకు చేను ఉండగూడదా? ఎన్ని అడుగులు కావల్లంటనో అడుగు!"

"నటాషా సంగతి తర్వాత. మన వాళ్లవి చూడు ముందు" అని పుష్పావతి మొగుణ్ణి పక్కకు జరిపింది. "సోమందేపల్లె నల్లమ్మ. చీని చెట్లు ఎండిపోతాండాయి, తొందరగా రండి అని రాసిండాది. అయ్యో, ఎప్పుడో రాసినాదే!"

అందరినీ ఒక్కసారిగా ఎన్నుకోవడానికి పైన ఒక గడి, పక్కన 'అప్రూవ్' అని ఒక బటన్ ఉన్నాయి. గంగాధర్ గడిలో టిక్కు పెట్టి బటన్ నొక్కబోతే ముత్యాలప్ప ఆపాడు. "రేయ్, ఆగు. బోరు పాయింటుకు టెంకాయ కొట్టకుండా యానాడన్నా బండి కదిలిందా? ఇది మాత్రం ఊరికే నొక్కుతారా?"

గుడికి పోవలసిన టెంకాయ గడప మీదే పగిలింది. మౌసుకు కుంకుమ పెట్టారు. ఇంటి లక్ష్మి చెయ్యి మంచిదని పుష్పావతి చేత నొక్కించారు. బటన్ టక్కుమంది, ముత్యాలప్ప చప్పట్లు కొట్టాడు. కుర్చీ నిలబడిందని గంగాధర్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

గుమ్మం ముందు టెంకాయ చిప్పలు ఆరకముందే ముత్యాలప్ప సెల్ మోగింది.

"నాయనా, నేను నల్లమ్మను. మీ మెసేజి వచ్చినాది, మా పాప చదివి చెప్పినాది. రేపు తెల్లారేసరికి బండి వస్తాదంట గదా! పొట్టేలు కట్టేసినాం. గంగ పూజకు చుట్టాలందరికీ చెప్పినాం."

"మెసేజా? ఏం మెసేజి?" అన్నాడు ముత్యాలప్ప.

గంగాధర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. అప్రూవ్ కాగానే పోవలసిన మెసేజీని మొదట్లో అతనే రాసి పెట్టాడు. రోజుకొక బోరు వస్తుందన్న ఆశతో, పుట్టెడు ఉత్సాహంతో రాశాడు: 'మీ బోరు ఖాయం. రేపు తెల్లారేసరికి బండి మీ చేనులో ఉంటుంది. పూజకు సిద్ధం చేసుకోండి.' ఇప్పుడది అందరికీ పోయింది. బహుశా నటాషాకు కూడా.

"ఉండేది ఒక బండి గదరా!" అని ముత్యాలప్ప నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మళ్లీ ఫోను మోగింది. మళ్లీ మోగింది. చీకటి పడేసరికి ఆయన ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో దాచాడు.

మరునాడు తెల్లవారుజామున రాప్తాడు నుంచి సోమందేపల్లె దాకా ఎన్ని చేలల్లో టెంకాయలు పగిలాయో ఆ గంగమ్మకే తెలియాలి. ముగ్గులేశారు, నిమ్మకాయలు కోశారు, పొట్టేళ్లను వండారు. బండి రాలేదు. ఎండ నెత్తికెక్కేసరికి ఊళ్లకు ఊళ్లే ట్రాక్టర్లెక్కి ముత్యాలప్ప ఆఫీసు ముందు దిగాయి. హైవే మీద బస్సులు ఆగిపోయాయి.

"బండి ముందు మాకు!"

"మీకెట్లప్పా? మా పొట్టేలు మీ పొట్టేలు కంటే పెద్దది!"

ముత్యాలప్ప బోరు బండి పైకెక్కి, "నాకేం తెల్దప్పా, అంతా ఈ గంగాధర్ చేసినాడు!" అని వేలు చూపించాడు. బటన్ నొక్కిన పుష్పావతి అటు తిరిగి కొంగు సర్దుకుంది.

నల్లమ్మ గంగాధర్ రెక్క పట్టుకుంది. "బండి రాకుంటే పోనీలే, నువ్వు రా. చేతుల్తో తవ్వుదువు గానీ."

"అమ్మా, నాకు దుమ్ము పడదమ్మా!" అని గంగాధర్ ఏడుపు మొహం పెట్టాడు.

నిజంగానే దుమ్ము లేచింది. ఎక్కడి నుంచో పడమటి గాలి. గంగాధర్ వరసగా తుమ్మాడు. అతను కళ్లు తుడుచుకుని చూసేసరికి ఆకాశం నల్లగా ఉంది. ఒక చినుకు నల్లమ్మ ముక్కు మీద పడింది. ఆ తర్వాత వాన కాదు, కుంభవృష్టి! మూడేళ్లుగా మొహం చాటేసిన వాన అంతా ఒక్కసారే దిగింది. కొట్టుకోబోయిన వాళ్లు కౌగిలించుకున్నారు. "పదండ్రా, శెనక్కాయ ఇత్తనం ఎయ్యల్ల!" అని ఎవరో అరిచారు. ట్రాక్టర్లన్నీ కేకలతో వెనక్కి తిరిగాయి.

మూడు రోజులు వాన. బావుల్లోకి నీళ్లొచ్చాయి, నల్లమ్మ బత్తాయి చెట్లు తేరుకున్నాయి. బియ్యం డబ్బాలోంచి తీసిన ఫోనులో అందరిదీ ఒకటే మాట: బోరు వద్దు. ముత్యాలప్పకూ ఐదెకరాల వేరుశెనగ చేను ఉంది గనక, ఏడవాలో నవ్వాలో ఆయనకు తోచలేదు.

"ఊర్లంతా కదిలించి ఒక్క బోరు తేలేకపోతివి గదరా. బండెక్కు" అన్నాడు నీరసంగా. గంగాధర్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని బండి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఎవరప్పా ఆ పిల్లోని బండెక్కించేది? దింపు!" నల్లమ్మ. ఆమె చేతిలో గంపెడు చీనికాయలు, వెనక ట్రాక్టరు నిండా జనం. "ఇన్ని ఊర్లు ఒకే పూట గంగ పూజ చేసిండేది యానాడన్నా చూసినామా? ఊరికొక దినం చేస్తే ఆ యమ్మకు వినపడలా. అందరి చేతా ఒక్కసారే టెంకాయ కొట్టించినాడు ఈ పిల్లోడు! ఈయన్ని ఆ కుర్చీలోనించి లేపితే చూడు మళ్లా!"

గంగాధర్ తువ్వాలు విప్పి కుర్చీలో కూర్చున్నాడు. ముత్యాలప్ప పోయి ఫ్యాను వేశాడు.

మరుసటి ఏడు ఎండలు ముదరగానే ఫారంలు వందల్లో వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే రాసి ఉంది: "బోరు వద్దు. బటన్ నొక్కండి చాలు."

నటాషా మాత్రం ఇంకా మందులే అమ్ముతోంది.