పొగడబ్బాలో పూడిక

పొగను ఆపడం తన తరం కాదని తేలిపోయాక, మానవజాతి దానికి ధ్రువపత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. ధ్రువపత్రం ఉన్న పొగ ఊపిరితిత్తుల జోలికి పోదు. లేని పొగ పోతుంది. ఈ మహత్తర సూత్రం మీద మా పేట చివర ఒక కార్యాలయం వెలిసింది. అందులో నాలుగు కిటికీలు, ఒక యాప్, తిరగని ఫ్యాను ఒకటి (దానికీ ధ్రువపత్రం ఉంది) ప్రజలకు సేవ చేస్తున్నాయి.

మా కారుకి ఇరవై మూడేళ్లు, నాకు డెబ్భై ఒకటి. మా ఇద్దరిలో ఏటా పరీక్ష ఉన్నది కారుకే. ఈ ఏడు అది తప్పింది. పదిహేను రోజుల్లో బాగుచేయించి తీసుకురాకపోతే వాహనాన్ని తుక్కు విభాగానికి అప్పగిస్తామని కాగితం చేతిలో పెట్టారు. తుక్కు విభాగం ఎంత చురుకైనదంటే, నేనింకా కిటికీ దగ్గర కళ్లజోడు వెతుక్కుంటూండగానే వాళ్ల స్వాగత సందేశం ఫోనుకి వచ్చేసింది.

బండి మా ఆయనది. ఆయన పోయి ఆరేళ్లు. సీటు ఇప్పటికీ ఆయన కాళ్ల పొడుగుకే ఉంటుంది. నేను వెనక దిండు పెట్టుకుని నడుపుతాను. "ఇనుమేగా వదినా, పోనీ" అని మా ఆడపడుచు ఓదార్చింది. మా ఆయన చెల్లెలావిడ, నాతోనే ఉంటుంది. ఓదార్చడం ఆవిడకి చేతకాదు. నేను మూడు రోజులు అన్నం సరిగా తినకపోయేసరికి ఆవిడే మెకానిక్‌కి ఫోను చేసింది.

జబ్బు లక్షణాలు చాన్నాళ్లుగా ఉన్నవే. తొక్కితే బండి ముందు నిట్టూర్చేది, తర్వాత ఆలోచించేది, ఆ తర్వాత కదిలేది. ఈ విషయంలో నాకూ దానికీ తేడా లేదు గనక నేను పట్టించుకోలేదు. కుళ్లిన గుడ్ల వాసన కూడా వచ్చేది. అందుకు నేను రెండు నెలలపాటు వంటింట్లో మంచి గుడ్లన్నీ పారేస్తూ వచ్చాను.

మెకానిక్ వచ్చి ఇంజను ఆన్ చేయించి, వెనక గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి, ఊపిరి బాగా సన్నగిల్లిందన్నాడు. కింద దూరి రబ్బరు సుత్తితో ఒక డబ్బాని తట్టి చెవి ఒగ్గాడు. దాన్ని కన్వర్టర్ అంటారట. లోపల తేనెపట్టులాంటి గూడు ఉంటుంది, ఇంజను వదిలిన పొగ ఆ గూట్లోంచి పోతూ శుభ్రపడుతుంది. వేడి చూసే పరికరంతో డబ్బాకి ముందూ వెనకా కొలిచాడు. ఆరోగ్యంగా ఉంటే వెనక వైపు ఎక్కువ వేడిగా ఉండాలి. మాది వెనక చల్లబడిపోయింది. పొగ ఎంత వెనక్కి తన్నుతోందో చూడ్డానికి ముందు గొట్టానికి ఒక మీటరు బిగిస్తే, ముల్లు ఎర్రగీత దాటి అక్కడే కూర్చుంది. డబ్బా పూడుకుపోయింది.

అయితే తప్పు డబ్బాది కాదని, దాన్నిలా చేసినవాళ్లెవరో చూడాలని విచారణ మొదలుపెట్టాడు. రోజూ ఎంత దూరం నడుపుతారని అడిగాడు. ఈ ప్రశ్న కోసమే ఆరేళ్లుగా ఎదురు చూస్తున్నదానిలా గర్వంగా చెప్పాను. రోజూ పొద్దున్నే షెడ్డులోనే పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఉంచుతాను, ఒక్కరోజు కూడా మానలేదు. వారానికి రెండుసార్లు వీధి మొదట్లో పాలబూత్ దాకా తీసుకెళ్లి తెస్తాను.

మెకానిక్ సుత్తి కింద పెట్టాడు.

"ఆ గూడు బాగా వేడెక్కితేనే మసి కాలుతుంది. మీరు ఆరేళ్లు దాన్ని వేడెక్కనివ్వలేదు. ఒక బండిని ఇంత జాగ్రత్తగా చంపినవాళ్లని నేను చూళ్లేదు పెద్దమ్మా."

నా తరఫు వాదన కూడా పాఠకులు వినాలి. ఈ బండిలో మా అమ్మని రైలుకి దించాం. నలుగురం వెళ్లి ముగ్గురం వచ్చాం. మా అమ్మాయిని కాపురానికి దించాం, ముగ్గురం వెళ్లి ఇద్దరం వచ్చాం. మా ఆయనని ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆడపడుచుతో కలిపి ముగ్గురం వెళ్లి ఇద్దరం వచ్చాం. దూరం వెళ్లిన ప్రతిసారీ ఈ బండి ఒక సీటు ఖాళీతో ఇల్లు చేరింది. అందుచేత నేనొక నియమావళి అమలు చేశాను. మొదటి నియమం: పాలబూత్ దాటరాదు. పాలబూత్‌కి వెళ్లి వచ్చిన ఏ ప్రయాణంలోనూ ఇంతవరకు మనుషులు తగ్గలేదు. (పాల ప్యాకెట్లు పెరిగాయి.)

మెకానిక్ నా నియమావళిని కొట్టేసి తన తీర్పు చెప్పాడు. సరిగా మండని ప్లగ్గులు రెండు మార్చాడు, ట్యాంకులో మసి కరిగించే మందు పోశాడు. ఇక పెద్ద రోడ్డెక్కి గంటసేపు మూడో గేరులోనే, ఇంజను అరుస్తున్నా సరే, నడపాలన్నాడు. లోపల ఉన్నది మసి అయితే కాలిపోతుంది. గూడే కరిగిపోయి ఉంటే మాత్రం బండి మీద ఆశ వదులుకోమన్నాడు.

పరీక్ష తప్పిన వాహనం రోడ్డెక్కకూడదు. రోడ్డెక్కకపోతే పరీక్ష నెగ్గదు. కార్యాలయం ఇంతటి చిక్కుని ముందే ఊహించి, 'మసి కాల్చు ప్రయాణ అనుమతి' అని ఒకటి యాప్‌లో పెట్టింది. అందులో ప్రయాణ కారణం తప్పనిసరిగా ఎంచుకోవాలి. ఉన్నవి మూడే: ఆసుపత్రి, దించి రావడం, సాగనంపడం. మనిషి బయల్దేరేది ఎవరినో ఒకరిని పోగొట్టుకోవడానికేనని నేను ఆరేళ్లుగా లోలోపల అనుకుంటున్న మాట ప్రభుత్వ విధానమని అప్పుడే తెలిసింది.

సాగనంపడం పెట్టేస్తే తొందరగా వచ్చేస్తుందని మూడో కిటికీ గుమాస్తా సలహా ఇచ్చాడు. బండి కోసం ఏమైనా చేస్తానన్నదాన్ని, ఆ ఒక్క గడి నొక్కలేకపోయాను.

"నొక్కెయ్ వదినా, నన్ను సాగనంపుతున్నానని రాయి. నేను దిగితే కదా" అంది మా ఆడపడుచు.

నేను ఫోను కొంగులో దాచేశాను.

అలాంటి మొండి కేసులు ప్రయాణాల ఉప పర్యవేక్షకుడి దగ్గరికి వెళ్తాయి. ఆయన పని ఏ కారణమూ లేని ప్రయాణాలని పర్యవేక్షించడం. ఒక కాగితం ముందుకి తోశాడు. వెళ్లువారి సంఖ్య, తిరిగి వచ్చువారి సంఖ్య, కింద హామీదారు సంతకం. మొదటి గడిలో రెండు వేశాను. రెండో గడి దగ్గర చెయ్యి ఆగింది.

"తిరిగొస్తామని రాసివ్వాలాండీ?"

"మామూలేనమ్మా. అందరూ రాసిస్తారు."

ఆసుపత్రికి వెళ్లిన రోజు ఇలాంటి కాగితం ఎవరైనా ఇచ్చి ఉంటే మూడు అని రాసి, సంతకం పెట్టి, వేలిముద్ర కూడా వేసేదాన్ని. అప్పటికి ఈ విభాగం ఇంకా ఏర్పడలేదు. రెండు అని వేసి ఇచ్చేశాను.

పద్నాలుగో రోజు పొద్దున్న బయల్దేరాం. పాలబూత్ దాటుతుంటే బూత్ అతను లేచి నిలబడి చూశాడు. పెద్ద రోడ్డు మీద మూడో గేరులో ఇంజను గోల పెడుతుంటే నేను స్టీరింగుని గోడలా పట్టుకుని కూర్చున్నాను. నలభై నిమిషాలకి వెనకనుంచి నల్లటి పొగ ఒక ముద్దలా బయటపడింది. వెనక వస్తున్న లారీవాడు మా వంశాన్ని తలుచుకున్నాడు. ఆ తర్వాత పెడల్ నొక్కితే బండి ఆలోచించడం మానేసి ముందుకు దూకింది. మా ఆడపడుచు గట్టిగా నవ్వింది. ఆవిడకి అన్నగారి నవ్వే వచ్చిందని ఇన్నేళ్లూ నేను గమనించలేదు.

పెట్రోలు బంకు కనబడగానే బాత్రూముకి ఆపమంది. నేను వేగం తగ్గించలేదు.

"వదినా, రాసిచ్చింది ఇంటికి తిరిగొస్తామనే. మధ్యలో అసలు దిగనే దిగమని కాదు."

ఈ విషయం మీద నియమావళి ఏం చెబుతుందో కాసేపు ఆలోచించి, ఆపాను. ఆవిడ వెంటే వెళ్లి బాత్రూము తలుపు బయట కాపలా నిలబడ్డాను. లోపల ఉన్నావా అని రెండుసార్లు అడిగాను. రెండోసారి వచ్చిన జవాబు ఇక్కడ రాయదగింది కాదు. ఇద్దరం వెళ్లాం, ఇద్దరం వచ్చాం.

పదిహేనో రోజు బండి పరీక్ష నెగ్గింది. పరీక్షాధికారి గొట్టంలోంచి పొగ కొలిచే కర్ర బయటికి తీసి, యంత్రం చెప్పిన అంకెలు రెండుసార్లు చూసి, రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. కన్వర్టర్ పూడుకుపోవడానికి కారణమైన భాగం ఏదని అడిగాడు. అబద్ధం చెప్పే వయసు కాదు, నేనే అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. 'యజమాని' అని రాశాడు. పక్కనే 'ఆ భాగం ప్రస్తుత స్థితి' అనే గడి ఉంది. నన్నొకసారి ఎగాదిగా చూసి, 'అరిగినది, వచ్చే పరీక్ష వరకు వాడుకోవచ్చును' అని రాసి ముద్ర వేశాడు.