డోలీ ఎక్కితేనే ఓటు

ఒక పెద్ద అడవిలో ఒకటే వాగు, ఆ వాగుకి ఒకటే మంచి రేవు. మిగతాదంతా నిలువు గట్టు. ఆ రేవు చుట్టూ ముళ్ళకంప కొట్టించి, దాన్ని తన సొంత బురదగుంట చేసుకున్నాడు అడవి సంఘం అధ్యక్షుడు, అడవిపంది భూపతి. నాలుగు కాళ్ళూ ఉన్నవాళ్ళు గట్టు దూకి నీళ్ళు తాగి, అతన్ని తిట్టుకుంటూ ఎక్కి వచ్చేవాళ్ళు. మళ్ళీ ఎన్నికల్లో ఓటు అతనికే వేసేవాళ్ళు.

దుప్పి సూరాంబకి ఉన్నవి మూడే కాళ్ళు. నాలుగోది వేటగాడి ఉచ్చులో పోయింది. గట్టు దిగడమంటే ఆమెకి దొర్లడమే. ఎక్కేటప్పుడు ముసలి ఎలుగుబంటి గుర్నాథం వెనకనుంచి తొయ్యాలి. ఆయనకి రెండు కళ్ళూ కనబడవు, దారి చెప్పేది సూరాంబే. అలా ఇద్దరూ కలిసి రోజుకొక్కసారి గొంతు తడుపుకునేవాళ్ళు.

ఈసారి తాబేలు మాణిక్యమ్మ పోటీకి దిగింది. "గెలిచిన మర్నాడే రేవు కంప పీకిస్తాను" అంది.

"ఈ ఓటు పడకపోతే వచ్చే వేసవి నేను చూడను బాబాయ్" అంది సూరాంబ.

"నువ్వు లేకపోతే వాగు ఏ పక్కనుందో నాకెవరు చెప్తారే? పద, ఎలాగైనా వేద్దాం" అన్నాడు గుర్నాథం.

భూపతికి ఈ సంగతి తెలిసింది. ఉచ్చులకీ మంటలకీ దెబ్బతిన్నవాళ్ళు అడవిలో తక్కువేం లేరు. పైగా అన్ని అడవుల పెద్ద సంఘం నుంచి ఉత్తర్వు వచ్చిపడింది. వికలాంగులకి వేరే లైను పెట్టాలి, పైన పందిరి వెయ్యాలి, బూత్ దాకా డోలీలో మోసుకెళ్ళాలి అని.

"చెయ్యకపోతే నా ఉద్యోగం పోతుంది, చేస్తే మీ పదవి పోతుంది. ఏం చెయ్యమంటారు అధ్యక్షా?" అని తోక నలుపుకున్నాడు ఎన్నికల అధికారి కొండముచ్చు.

"ఘనంగా చెయ్యవయ్యా! కాకపోతే వికలాంగులెవరో తేల్చేది మన డాక్టరు."

ముందు పేరు మార్చారు. వికలాంగులు అనకూడదట, 'విశిష్ట జీవులు' అనాలట. ఏ అడవిలోనైనా అన్నిటికంటే ముందు జరిగేది ఈ పనే. దీనికి ఎవరూ చెమటోడ్చక్కర్లేదు మరి.

డాక్టరు కొంగ చెట్టు కింద ఒంటికాలి మీద నిలబడి, విశిష్ట జీవుల కార్డులకి పరీక్షలు చేశాడు.

"నీ బాధేమిటమ్మా?"

"ఒక కాలు లేదండీ."

"నన్ను చూడు. పొద్దుటినుంచి ఒక్క కాలి మీదే నిలబడి ఉద్యోగం చేస్తున్నాను. నీకు మూడున్నాయి! నువ్వు సంపూర్ణ ఆరోగ్యవంతురాలివి. తర్వాత ఎవరు?"

గుర్నాథం ముందుకొచ్చాడు. కొంగ ఒక ఆకు ఆయన చేతిలో పెట్టాడు. "ఇందులో రాసింది చదివి సంతకం పెట్టు."

"కనబడదని చెప్పడానికే వచ్చాను బాబూ."

"చదవకుండా సంతకం పెడితే చెల్లదు. చదివావా, కళ్ళున్నట్టే. ఎలా చూసినా నీకు కార్డు రాదు, వెళ్ళిరా."

మరి కార్డులు ఎవరికి వచ్చాయంటారా? భూపతి మనుషులందరికీ వచ్చాయి. పాముకి పుట్టుకతోనే కాళ్ళు లేవని నూటికి నూరు శాతం రాశాడు. నెమలికి కాళ్ళు అందంగా లేవని అరవై. చిరుతపులికి ఒంటినిండా మచ్చలని డెబ్బై. భూపతి కూడా మెడ తిరగదని ఒకటి రాయించుకున్నాడు. ఎందుకు రాయించుకోడు! కార్డు ఉన్నవాళ్ళకి జన్మంతా రేవులో మొదటి వరస అని ప్రకటించింది తనే కదా. ఆ మాట చెవిన పడగానే మిగతా అడవంతా రాత్రికి రాత్రి కుంటడం నేర్చుకుని కార్డులు తెచ్చుకుంది.

దొంగ కార్డుల మాట పెద్ద సంఘం దాకా పోతుందేమోనని కొండముచ్చు ఒక గట్టి రూలు రాశాడు. కార్డు ఉన్నవాళ్ళు డోలీ ఎక్కే రావాలి. నడిచొస్తే కార్డు రద్దు.

డోలీ ఒకటే ఉంది.

పోలింగ్ రోజు వచ్చింది. బూత్ ఎత్తయిన బండ మీద పెట్టారు, కొండముచ్చుకి ఎత్తంటే ఇష్టం. పందిరి కింద విశిష్ట జీవుల లైను రెండు గుట్టలు చుట్టి వచ్చింది. "ముందు నా ప్రజలు, తర్వాతే నేను" అని భూపతి పక్కన నిలబడి దండాలు పెడుతున్నాడు. రెండు అడవిదున్నలు రొప్పుతూ ఒక్కొక్కళ్ళనీ పైకి మోసి, దింపి, మళ్ళీ కిందికొస్తున్నాయి. కుందేలు డోలీలో కాలు మీద కాలేసుకుని "మెల్లగా బాబూ, అసలే కాలు లేనిదాన్ని" అని మూలుగుతోంది.

ఎండలో మామూలు లైను ఖాళీగా ఉంది. అందులోకి సూరాంబ, గుర్నాథం, రెక్క విరిగిన చిలక, చెవుడున్న ముంగిస వచ్చి నిలబడ్డారు. కొంగ వెనక్కి పంపినవాళ్ళు ఇంకో ఆరుగురు. మొన్న బయల్దేరిన మాణిక్యమ్మ కూడా అప్పుడే చేరింది.

"మీరిక్కడేంటి? ఇది ఆరోగ్యవంతుల లైను!" అన్నాడు కొండముచ్చు.

"మీ డాక్టరే రాసిచ్చాడుగా సారూ, మాకే లోపమూ లేదని. చదవమంటారా?" అంది సూరాంబ.

కొండముచ్చు పక్కకి తప్పుకున్నాడు. బండ ఎక్కడానికి వాళ్ళకి మధ్యాహ్నం దాటింది. గుర్నాథం తోశాడు, సూరాంబ ఎక్కింది, దారి చెప్పింది. ఇద్దరి మోకాళ్ళూ చీరుకుపోయాయి. తలా ఒక కుంకుడుగింజ ఇచ్చి ఆకుల తెర వెనక్కి పంపారు. అక్కడ ఇద్దరు అభ్యర్థుల కుండలున్నాయి.

"ఏది ఎవరిదో చెప్పడానికి నీకు తోడెవరూ రాకూడదు. మామూలు లైను మరి" అన్నాడు కొండముచ్చు గుర్నాథంతో.

"అక్కర్లేదు నాయనా. ఒక కుండ మా రేవులో బురద కంపు కొడుతోంది. నేను రెండోదాన్లో వేస్తాను."

కింద భూపతి తనవాళ్ళ ఓట్లు లెక్కపెట్టుకున్నాడు. పొద్దు వాలుతోంది, ఇప్పటిదాకా ఎక్కింది ఎనిమిది మందే. "ఒరేయ్, అందరూ ఆ లైనులోకి పరిగెత్తండిరా!" అని అరిచాడు.

ఒక్కరూ కదల్లేదు. "నడిస్తే కార్డు పోతుంది అధ్యక్షా!" అంది పాము.

"అయితే తప్పుకోండి, నేనెక్కుతా!"

దున్నలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. భూపతి కూర్చున్నాడు. డోలీ ఫట్‌మని విరిగింది. దాన్ని అల్లిన గిజిగాడు వచ్చి చూసి "మళ్ళీ అల్లడానికి మూడు రోజులు" అని ఎగిరిపోయాడు.

"నడిచి వస్తాను, తియ్యవయ్యా దారి!"

"రూలు ఒప్పుకోదు సార్" అన్నాడు కొండముచ్చు. ఓడిపోయేవాడు ఎవరో అతనికి అప్పటికే అర్థమైపోయింది.

పొద్దు గూకింది. మాణిక్యమ్మకి పదకొండు, భూపతికి ఎనిమిది. మర్నాడే రేవు కంప పీకేశారు. సూరాంబ మూడు కాళ్ళతో ఎవరూ తొయ్యకుండా నీళ్ళలోకి దిగి, కడుపునిండా తాగి, "రా బాబాయ్, ఇటు తిన్నగా" అని పిలిచింది.

నీతి: వికలాంగుల హక్కు కాజెయ్యదలచినవాళ్ళు, దాంతోపాటు వాళ్ళ తిప్పలు కూడా తమ ఖాతాలోకి వచ్చిపడకుండా జాగ్రత్తపడాలి.