తొమ్మిదిన్నరకు తెరిచే తలుపు

మిరపకాయలు ఏరే కూలీల ఆటో ఆరున్నరకు వస్తుంది. భద్రయ్య మేకలు ఏడింటికి మేతకు పోవాలి. అతని మూడేళ్ల మనవరాలు పోయే అంగన్‌వాడీ మాత్రం తొమ్మిదిన్నరకు తెరుస్తారు. బయ్యారం పక్కనున్న ఆ ఊరిలో ఈ మూడు వేళలనూ కలపగలిగిన మొనగాడు ఇంకా పుట్టలేదు.

"మామా, మల్ల పిల్లను చేన్లకు తెస్తే పనికి రావద్దన్నడు మేస్త్రి. ఈ సీజనంత పోతది. ఇయ్యాల మేకలు ఆగినా సరే, టీచరమ్మ వచ్చేదాంక పిల్లతోని ఆడ కూసో," అని కోడలు రాజీ ఆటో ఎక్కింది.

భద్రయ్య మాటల్లో మహా పొదుపరి. తల ఊపి, పిల్లను ఎత్తుకుని అంగన్‌వాడీకి పోయాడు. మూసిన తలుపు ముందు పిల్ల చెప్పులు విప్పి పెట్టి, వాటి వెనక తనవి విడిచాడు. చలికి తాళలేక ఇద్దరూ గోడ పక్కన నీరెండలో కూర్చున్నారు.

వానాకాలమంతా యూరియా బస్తాల కోసం తమకు బదులు చెప్పులను వరుసలో నిలబెట్టిన ఊరు అది. మూసిన సర్కారు తలుపు ముందు ఒకదాని వెనక ఒకటి రెండు జతలు కనబడగానే రాజమల్లు సైకిలు దిగాడు. తన చెప్పులు మూడో జతగా పెట్టాకే పక్కకు తొంగిచూశాడు.

"ఏమిస్తున్నరే, భద్రన్నా?"

"తొమ్మిదిన్నరకు తెరుస్తరు."

"గది కాదే, ఏమిస్తరు అంటున్న."

"నాకేమెరుక?"

అది నిజమే. కానీ వరుసలో మొదటివాడు తెలియదన్నాడంటే పెద్దదేదో దాస్తున్నాడని రాజమల్లు తేల్చుకున్నాడు.

ఎనిమిది కాకముందే చెప్పులు బోరింగు దాకా పోయాయి. కొందరు యూరియా అన్నారు, కొందరు చీరలన్నారు. ఉత్తకాళ్లతో వచ్చిన చిలుకమ్మ చేతిలోని చీపురు పెట్టింది.

"చీపురుకు నంబరేంది, అవ్వా?"

"నీ చెప్పుకున్న ఇజ్జతు నా చీపురుకు లేదారా?"

"తాతా, గీళ్లందరు బడికొచ్చిండ్రా?" అని అడిగింది మనవరాలు. భద్రయ్యకూ అదే తెలుసుకోవాలని ఉంది.

తొమ్మిదిన్నరకు టీచరు లత వచ్చింది.

"లైన్ల రా, టీచరమ్మా," అన్నాడు రాజమల్లు.

"తాళం నా కాడున్నదన్నా!"

"తాళముంటే లైను తప్పుతవా?"

అదే సమయానికి తనిఖీ కోసం సూపర్‌వైజర్ కళావతి స్కూటీ దిగింది. వరుసను కొస నుంచి కొసకు చూసి, మొదట ఉన్న బుల్లి చెప్పుల దగ్గర ఆగింది.

"ఇవి ఎవరివి?"

"నా మనవరాలివి. కోడలు ఆరున్నరకే కూలికి పోయింది. ఇడిసిపెట్టి పోదామంటే చూసేటోళ్లు లేరు." భద్రయ్య ఒక్క ఊపులో అన్ని మాటలు ఆడడం ఊరు అంతకు ముందు వినలేదు.

కళావతి జనం వైపు తిరిగింది. "మీరందరు గిందుకేనా?"

దేనికి నిలబడ్డామో తెలియదని సర్కారు మనిషి ముందు ఒప్పుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

"గిందుకే, మేడం," అన్నాడు రాజమల్లు. ఆయన పిల్లలు పెళ్లీడుకు వచ్చి రెండేళ్లయింది.

కళావతి ఫొటో తీసి పైకి పంపింది. పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది: ఆ సెంటరు ఇకమీదట పొద్దున ఆరింటికే తెరవాలి. రాజీ పని పోకుండా నిలిచింది. ఊరంతా తామే సాధించామని చెప్పుకుంది.

మొదటి రోజు తెల్లారకముందే భద్రయ్య తలుపు ఎవరో తట్టారు. తీస్తే లత. చంకలో ఏడాదిన్నర కొడుకు.

"బాపూ, ఇప్పుడు నేను ఆరింటికే పోవాలె. వీడు నా చంక దిగడు, పని చెయ్యనియ్యడు. మా అత్త బస్సు దిగేదాంక జర పట్టుకో."

భద్రయ్య పిల్లవాణ్ణి అందుకుని, గడప ముందున్న తన చెప్పులను లోపలికి తీసుకుని, వీధిలో ఎవరూ చూడలేదని రూఢి చేసుకున్నాక తలుపు వేసుకున్నాడు.