మూడు స్టార్ల మాస్టారు

ఆ శనివారం పొద్దున సొలొమోను మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగాలి, బావమరిదికి కాస్త మేలు చెయ్యాలి, ఎండెక్కకుండా కూరగాయలు తెచ్చెయ్యాలి. మూడింటిలో రెండు సవ్యంగానే జరిగాయి.

నందిగామలో ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యాక ఆయనకు ఇంటర్నెట్ తోడు దొరికింది. అందులో ఆయన్ని కట్టిపడేసింది వార్తలూ కాదు, వీడియోలూ కాదు. గ్యాసు బుక్ చేసినా, బస్సు టికెట్ కొన్నా, చివర్న ప్రతి సైటూ ‘మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది’ అనేది. పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. అందుకని అడిగిన ప్రతివాళ్ళకీ శ్రద్ధగా స్టార్లు వేసి, కింద నాలుగు ముక్కలు రాసేవారు.

స్టార్లు వెయ్యడం ఆయనకు ఒకరు నేర్పక్కర్లేదు. సర్వీసంతా పేపర్లు దిద్దిన చెయ్యి. ఐదుకి ఐదంటే నూటికి నూరు. ఇంగ్లీషులో అది ఇంగ్లీషువాడికి కూడా రాదు. నాలుగంటే ఎనభై, పిల్లలు చెడిపోతారని ఆయన ఎవరికీ వెయ్యలేదు. మూడంటే అరవై, ఫస్ట్ క్లాసు. ఆయన చేత అరవై వేయించుకున్న పిల్లల ఇళ్ళలో మిఠాయిలు పంచుకునేవాళ్ళు.

ఆయన భార్య పరిమళ తమ్ముడు వెస్లీ సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం వదిలేసి, జగ్గయ్యపేట దగ్గర హైవే పక్కన కొత్తగా మెస్సు పెట్టాడు. ఉన్నదంతా అందులోనే పోశాడు. పోపు వాసనకి కార్లు ఆగే రోజులు పోయాయి; ఇప్పుడు అందరూ ఫోన్లో మ్యాపు చూసి ఆగుతున్నారు. మ్యాపులో ఆ మెస్సుకి ఐదుకి ఐదుంది. వేసినవాడు వెస్లీ ఒక్కడే. అక్కడ రెండుసార్లు తిని వచ్చిన మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, మనసారా మూడు స్టార్లు వేశారు. “సాంబారు సంతృప్తికరం. పప్పులో పురోగతి కనిపిస్తోంది. శ్రద్ధ పెడితే ఇంకా పైకి వస్తాడు” అని రాసి, సంచి పట్టుకుని బజారుకు బయల్దేరారు.

సోమవారం వెస్లీ ఫోన్ చేశాడు.

“బావగారూ, నామీద కోపముంటే నన్ను తిట్టండి. మెస్సునెందుకండీ తిట్టారు?”

“తిట్టడమేంటయ్యా, ఫస్ట్ క్లాసిచ్చా.”

“మ్యాపులో మూడంటే ఫెయిలండి. పక్క ధాబాకి నాలుగున్నరుంది. మీ దెబ్బకి నేను నాలుగుకి దిగా. రెండ్రోజుల్నించి కార్లు స్లో కూడా చెయ్యట్లేదు.”

పక్కనే నిలబడి అంతా విన్న పరిమళ, దాన్ని ఐదు చేసి పారెయ్యమంది. మాస్టారు తల అడ్డంగా ఊపారు. పెద్దపెద్దవాళ్ళు సిఫార్సుకు వచ్చినా ఆయన ఒకసారి వేసిన మార్కు దిద్దిన పాపాన పోలేదు. పరిమళ గొంతు పెంచలేదు.

“మా తమ్ముడి నోటికాడి కూడు తీసేశారు. వాడు నిలదొక్కుకునేదాకా నాతో మాట్లాడకండి.”

అన్నంత పనీ చేసింది. ఆ ఇంట్లో ఆమె మాట తప్ప వేరే చప్పుడు లేదని మాస్టారికి ఆ రోజే తెలిసింది. ఆయనకు నిజంగానే భయం వేసింది. మార్కు దిద్దకుండా మెస్సును గట్టెక్కించే దారి వెతికి, పాత శిష్యుడు ఆరిఫ్ సెల్‌ఫోన్ల షాపుకు వెళ్ళారు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు అతని చేతిలోనే ఉంది. పదిమందీ వచ్చి న్యాయంగా స్టార్లు వేస్తే అదే సర్దుకుంటుందని మాస్టారి లెక్క. మర్నాటికల్లా అరవైమంది వేశారు. ఆరిఫే ఫోన్ చేసి ఆ కబురు చెప్పాడు.

“అందరూ మూడే వేశారు సార్.”

“మూడెందుకురా?”

“మీరు మూడేసినచోట మేం నాలుగెలా వేస్తాం సార్. బాగోదు కదా.”

కథ అక్కడితో ఆగినా బాగుండేది. శిష్యులెవరూ ఆ మెస్సు గడప తొక్కినవాళ్ళు కాదు. ఏం రాయాలో తెలియక, తమకు తెలిసిన సంగతి రాశారు. టెన్సులు తప్పితే సారు ఎలా వాయించేవారో, ఆ దెబ్బలకే తాము ఎలా ఉద్యోగస్తులయ్యారో కళ్ళనీళ్ళతో వర్ణించారు. ఆ మ్యాపు సైటు ఈమధ్యే ఏఐ చేత అభిప్రాయాలన్నీ చదివించి, సారాంశం పైన పెట్టిస్తోంది. చదవడమే దాని పని, తినడం కాదు. బుధవారానికి మెస్సు పేరు కింద ఇలా వెలిసింది: ‘ఇక్కడ ఇంగ్లీషు గ్రామరు బాగా చెబుతారు. క్రమశిక్షణ కఠినం. బెత్తం వాడతారని పలువురి అనుభవం. సాంబారు కూడా దొరుకుతుంది.’

పరిమళ అది చదివి ఫోన్ను ఆయన కంచం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. మాస్టారు కంచం పక్కకు నెట్టేశారు. నియమానికి నీళ్ళొదిలినా సరే, వెస్లీ కళ్ళముందే మూడును ఐదు చెయ్యాలని గురువారం పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కారు. దారంతా క్షమాపణ వల్లించుకున్నారు, ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో.

మెస్సు ముందు జనం మూగి ఉన్నారు. గొడవ చెయ్యడానికి వచ్చారనుకుని మాస్టారు ముందు రోడ్డవతలే ఆగిపోయారు. దగ్గరికెళ్తే అందరూ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళే కాదు, చందర్లపాడు నుంచి కూడా దిగారు. సారు ఎప్పుడొస్తారో తెలియక కూర్చున్నవాళ్ళు, ఊరికే కూర్చోవడం బాగోదని భోజనం చేస్తున్నారు. కొందరు రెండోసారి సాంబారు పోయించుకుంటున్నారు. ఒకామె మాస్టారి దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

“బెత్తం నిజంగానే వాడతారా అండీ?”

“ఎప్పుడో మానేశానమ్మా” అన్నారు మాస్టారు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

మాస్టారు ఫోన్ తీసి మార్కు దిద్దబోతుంటే వెస్లీ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“ఇప్పుడు దాన్ని ముట్టుకోకండి బావగారూ. పైన గది ఊడ్పించా. మూడింటికి ట్యూషన్ మొదటి బ్యాచ్‌కి మీరొస్తారని చెప్పా. అక్కకీ ఫోన్ చేశా.”

ఆ సాయంత్రం ఇంటికి చేరగానే పరిమళ నవ్వుతూ ఎదురొచ్చి, గొంతు నొప్పిగా ఉందా, మిరియాల పాలు కాచనా అని అడిగింది. మాస్టారి కళ్ళు చెమర్చాయి.

ఆదివారం ఆరాధనకు తప్ప వెస్లీ ఆయనకు సెలవివ్వడం లేదు.