రెడ్డెమ్మ కోపం అప్పగింత

కువైట్ పోయే ముందు చేసిన మెడికల్లో రెడ్డెమ్మకు ఎడమ పక్కటెముకల కింద కోపం బయటపడింది కాబట్టి, దాన్ని ఇక్కడే ఎవరికైనా అప్పగించి వెళ్లమన్నారు. ఇందులో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి అక్కడికి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లందరికీ రక్తం, ఎక్స్‌రే అయ్యాక ఆ పరీక్ష కూడా చేస్తారు.

"భయపడొద్దమ్మా, పెండ్లయినోళ్లకు అందరికీ ఉంటాది," అన్నాడు కౌంటర్లో గుమాస్తా మస్తానయ్య. "ఎవురి దగ్గర పెట్టి పోతావు?"

రెడ్డెమ్మ తన అక్క పేరు చెప్పింది. మస్తానయ్య కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపాడు. అక్క దగ్గర ఇప్పటికే కోడలి కోపమూ, ఆడబిడ్డ కోపమూ ఉన్నాయి. ఇంకొకటి పెడితే మనిషి సంతలో తిరగడానికి పనికిరాదు. ఇక మిగిలింది బెంచీ మీద కూర్చుని రెడ్డెమ్మ చెప్పులకు కాపలా కాస్తున్న భర్త ఓబులేసు.

ఓబులేసుది బస్టాండు దగ్గర బోండాల బండి. తిని డబ్బివ్వకుండా పోయేవాళ్లను కూడా "మళ్లీ రాండి" అని సాగనంపే మనిషి. అతన్ని యంత్రం కింద పడుకోబెట్టి చూశారు. లోపల ఖాళీ.

"బాగా జాగా ఉండాది," అన్నాడు మస్తానయ్య సంతృప్తిగా.

అప్పగింతకు మందూ మాకూ ఏమీ ఉండవు. ఇద్దరినీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెడతారు. పోయే మనిషి, ఉండే మనిషిని తిట్టాలి, అయిపోయేదాకా. మామూలుగా అరగంట పని. రెడ్డెమ్మ తన పెళ్లినాడు ఓబులేసు మేనత్త సాంబారు నీళ్లగా ఉందన్న మాట దగ్గర మొదలుపెట్టింది. మస్తానయ్య భోంచేసి వచ్చేసరికి ఇంకా మొదటి కాన్పు దాకానే వచ్చింది. కిటికీలో ఎండ దిగిపోతుండగా, "మీ అన్న మన గోడ మీద..." అంటూ మాట మధ్యలో ఆగిపోయింది. ఓబులేసును అప్పుడే చూసినట్టు చూసి, "ఆకలైతాందా నీకు?" అని మెత్తగా అడిగింది.

ఆ గొంతు వినగానే ఓబులేసుకు భయం వేసింది. భయం తగ్గాక ఒళ్లంతా మండింది.

దారిలో బ్యాగు కొన్నారు. జిప్పు సగంలో ఇరుక్కుపోయింది. "ఏం కాదులే, తాడు కట్టుకుంటా," అంది రెడ్డెమ్మ. ఓబులేసు వెనక్కి వెళ్లి అంగడాయన చొక్కా పట్టుకున్నాడు. కొత్త బ్యాగు, పైన ఒక చిన్న తాళం తీసుకుని బయటికొచ్చాడు.

తక్కిన ఏర్పాట్లు తొందరగా అయిపోయాయి. కారప్పొడి, తలనొప్పి బామ్, రెండు నైటీలు, ఒక దుప్పటి. పనికొచ్చే అరబ్బీ మాటలు కూడా కొన్ని నేర్పారు. వాటిలో "వద్దు" లేదు. దాని అవసరం పడదన్నారు.

ఆమె విమానమెక్కాక ఓబులేసుకు తెలిసిందేమంటే, ఆ కోపంలో ముప్పాతిక వంతు అతని మీదిదే. పొద్దున లేచి స్నానం చేసి రాగానే, "తడి తువ్వాలు మంచమ్మీద ఏస్తావా? మంచమేమన్నా దండెమా?" అని తనను తనే కేకలేసుకునేవాడు. ఎదురు మాట్లాడే అలవాటు లేదు కాబట్టి తలొంచుకుని వినేవాడు కూడా. సాయంత్రాలు పక్కింటివాళ్లు అరుగు మీద చేరి వినేవారు. "అచ్చం రెడ్డెమ్మ ఉన్నట్టే ఉంది," అని సంతోషపడేవారు.

మిగిలిన పావు వంతు బాగా పనికొచ్చింది. వీధికి నీళ్లొచ్చాయి. బోండాలు తిన్నవాళ్లు డబ్బిచ్చి పోవడం మొదలుపెట్టారు. చాలాకాలంగా గోడల దగ్గరే ఆగిపోయిన తమ ఇంటికి, మేస్త్రీ చెప్పిన రోజునే వచ్చి స్లాబు పోశాడు.

రెడ్డెమ్మ శుక్రవారాలు వీడియో ఫోన్ చేసేది.

"యాడ పండుకుంటాండావు మే?"

"బట్టలుతికే మిషను పక్కన. వెచ్చగా ఉంటాది."

"జీతమిచ్చినారా?"

"ఈ నెలా ఇయ్యలా. ఇస్తారులే."

"చేతికి ఆ గుడ్డేంది?"

"నూనె పడింది. ఏం కాదులే."

ఒకరోజు ఓబులేసు ఫోన్ పెట్టేసి నేరుగా మెడికల్ సెంటరుకు వెళ్లాడు. ఆ కోపం ఇప్పుడు ఆమెకే కావాలనీ, ఎట్లాగైనా పంపమనీ బల్ల గుద్ది అడిగాడు.

"పంపొచ్చు," అన్నాడు మస్తానయ్య. "అది చేరిన రోజే ఆమెను ఎనక్కి తరిమేస్తారు. నీ పెండ్లాం ఆడ పని చేసేది, నువ్వు ఈడ కోపం చేసేది. చెరొక పని పంచుకున్నారు కదప్పా, ఇంకేం కావాల?"

ఓబులేసు అరిచాడు. మస్తానయ్య నొచ్చుకోలేదు, వెనక గది చూపించాడు. ఇలాంటివాళ్ల కోసమే కట్టించిన గది అది. ఫ్యాన్లున్నాయి, తాగే నీళ్లున్నాయి. చాలామంది భర్తలు, అత్తలు, తండ్రులు గోడల వైపు తిరిగి అరుస్తున్నారు. ఒక ముసలాయన తన కోడలి కోపంతో తన కొడుకును తిడుతున్నాడు. మధ్యలో ఆగి ఓబులేసుకు కాస్త జరిగి చోటిచ్చాడు.

రెండేళ్లకు రెడ్డెమ్మ సెలవు మీద వచ్చింది. సెలవులో వచ్చినవాళ్లు తమ కోపం తిరిగి తీసుకోవాలన్నది నిబంధన. మళ్లీ అవే కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. ఈసారి తిట్టాల్సింది ఓబులేసు.

సాంబారు దగ్గర్నుంచి మొదలుపెడదామనుకున్నాడు గానీ నోట్లోంచి అది రాలేదు. "జీతమాపితే అడగవా? చెయ్యి కాలితే ఆస్పత్రికి తీసకపొమ్మని చెప్పవా? మనిషివి కాదా నువ్వు?" అని గది అదిరేలా అరిచాడు.

రెడ్డెమ్మ కుర్చీలోంచి లేచింది. గోడ పక్కకు వెళ్లి, చేతులు ముందుకు కట్టుకుని, తల దించుకుని నిలబడింది.

"కూర్చోమ్మా," అన్నాడు మస్తానయ్య. "కూర్చుంటేనే ఎక్కుతాది."

"పర్లేదు సార్. మా ఇంట్లో అరిచేటప్పుడు నిలబడే ఉండాల. కొంచేపటికి వాళ్లే నిలిపేస్తారు."

మా ఇల్లు అని ఆమె అన్నది కువైట్ ఇంటినని ఓబులేసుకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. చెప్పాల్సింది ఇంకా గొంతు నిండా ఉండగానే నోరు మూసుకున్నాడు.

మస్తానయ్య గోడ పక్కనున్న ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎక్కలేదు," అన్నాడు. "ఎట్లాగూ మళ్లీ పొయ్యేదే కదా. నీ దగ్గరే ఉండనీయప్పా."

"ఉండనీ సార్," అన్నాడు ఓబులేసు.

ఇంక అరుపుల్లేవని తెలిశాక రెడ్డెమ్మ తల కొంచెం ఎత్తింది. మస్తానయ్యను కాదు, ఓబులేసును చూసి అడిగింది.

"ఇంక కూర్చోవచ్చునా?"

"కూర్చో," అన్నాడు ఓబులేసు.

ఆమె కూర్చుంది.