కరకకొండ బదిలీ

కరకకొండను జిల్లా కేంద్రానికి బదిలీ చేస్తూ వేసవి మొదట్లో ఉత్తర్వులు వచ్చాయి. కొండ ఆ వారంలోనే కరకవలస నుంచి రిలీవై, తారురోడ్డు మీదుగా నడిచి వెళ్లి, కలెక్టరాఫీసు వెనక ఖాళీ స్థలంలో జాయినైంది.

ఇందులో వింత ఏమీ లేదు. జిల్లా కేంద్రంలో ఉండవలసినంత పచ్చదనం లేదని పై నుంచి మెమోలు వస్తున్నాయి. మన్యంలోనేమో పచ్చదనం అవసరానికి మించి ఉందని లెక్క తేలింది. అంతకు ముందు ఏడాది ఒక చెరువునూ, ఒక వెదురుతోపునూ ఇలాగే సర్దుబాటు చేశారు. చెరువు దారిలో కొంచెం తొణికిందిగానీ కొండ అలాంటి ఇబ్బంది పెట్టలేదు. ఇరుకు కల్వర్టుల దగ్గర ఒళ్లు దగ్గరగా తీసుకుని దాటింది. ఎదురొచ్చిన ఆర్టీసీ బస్సులు పక్కకి తీసి ఆగాయి. కరకవలస జనం, మంచి మేష్టారు బదిలీ అయి వెళుతుంటే సాగనంపినట్టు, మెయిన్ రోడ్డు దాకా కొండ వెంట నడిచి, అక్కడ పసుపునీళ్లు చల్లి వెనక్కి తిరిగారు. వాగు పేరు ఉత్తర్వుల్లో లేనందువల్ల అది ఊళ్లోనే ఉండిపోయింది.

తోయక జమునకు ఈ సంగతి అందరికీ వచ్చిన సర్క్యులర్ ద్వారానే తెలిసింది. జమున జిల్లా కేంద్రంలోని పరిశోధనా కేంద్రంలో నేలల శాస్త్రవేత్త. పుట్టింది కరకవలసలో. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త సుక్కమ్మ పెంచింది. కొండ ఎక్కగలిగే వయసు దాకా అత్త చంకన, ఆ తరవాత అత్త వెనక, ఆమె బాల్యమంతా ఆ కొండ మీదే గడిచింది. పదో తరగతి తరవాత హాస్టళ్లు, కాలేజీలు, యూనివర్సిటీ. ఊరికి వెళ్లడం పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమే అయింది.

అలాంటిది ఒక సోమవారం ఆఫీసుకి వచ్చి కిటికీ తెరిచేసరికి ఎదురుగా కరకకొండ ఉంది.

మొదటి రోజుల్లో జమున సంతోషాన్ని దాచుకోలేకపోయింది. తను వెళ్లలేకపోయిన పుట్టిల్లే తనను వెతుక్కుంటూ వచ్చినట్టు అనిపించింది. మధ్యాహ్నం టిఫిను డబ్బా కిటికీ దగ్గరకు తెచ్చుకుని తినేది. గాలి ఇటు తిరిగితే ఇప్పపూల వాసన వచ్చేది. మత్తుగా, తియ్యగా ఉండే ఆ వాసనకు, తెల్లవారకముందే అత్త తనను లేపి పూలు ఏరడానికి తీసుకెళ్లిన రోజులు కళ్ల ముందు తిరిగేవి. మంచులో తడిసిన ఆకుల మీద అడుగులు. చీర చెంగులో వేసిన పూల బరువు. అడ్డాకు తీగ దగ్గర ఆగి, "సివరి సిగురు ముట్టకమ్మీ, అది దాని నోరు," అని అత్త చెప్పిన మాట. చిగురు తుంచిన తీగ ఆ ఏడు ఎదగదని జమున చాలా ఏళ్లకు పుస్తకంలో చదువుకుంది. చదివినప్పుడు ఆమెకు గుర్తొచ్చింది ఆ వాక్యం కాదు, అత్త గొంతు.

వానాకాలం దగ్గరపడేసరికి కొండ పాలిపోవడం మొదలైంది.

పట్నంలో కొండను చూసుకునే తీరులో లోపమేమీ లేదు. చుట్టూ కంచె వేశారు. తవ్వరాదు, కోయరాదు, కూర్చోరాదు అని బోర్డులు పెట్టారు. పొద్దునా సాయంత్రం గొట్టాలతో నీళ్లు చిమ్మేవారు. అయినా కరకచెట్లు కాయ నిలుపుకోలేదు. అడ్డాకులు అంచుల్లో కాలినట్టయ్యాయి. కొండ నడుమన ఉండే ఊట, జాయినైన కొత్తలో బాగానే పారింది, క్రమంగా తడిగా మాత్రమే మిగిలి, ఒకనాటికి అదీ ఆగిపోయింది. పరిశోధనా కేంద్రం డైరెక్టరు ముకుందరావు స్వయంగా వెళ్లి మట్టి పరీక్షలు చేయించాడు. ఆయన పని తెలిసిన మనిషి, పైగా మొక్క వాడిపోతే భోజనం సయించని రకం. మట్టిలో ఉండవలసినవన్నీ ఉన్నాయి. అయినా కొండ పచ్చబడడం లేదు. కారణం తేల్చి నివేదిక ఇమ్మని ఆయన జమునకు అప్పజెప్పాడు.

తలుపు దగ్గరకు వేసి, ఇంకో మాట కూడా చెప్పాడు. నిబంధనల ప్రకారం బదిలీ అయిన కొండ ఆరోగ్యరీత్యా సేవకు పనికిరాదని తేలితే, దాన్ని పాత స్థానానికి పంపేయాలి. రద్దుకు ఇంకో దారి లేదు. మీ ఊరి కొండ కదా, తెలిసి ఉండడం మంచిదని చెబుతున్నాను, అన్నాడు.

మర్నాడే జమున కరకవలస బస్సెక్కింది.

కొండ ఉన్న చోట ఎర్రటి చదును నేల ఉంది. తూర్పున అడ్డం లేకపోవడం వల్ల ఊళ్లో ఇప్పుడు తొందరగా తెల్లవారుతోంది. కొండ ఉన్నప్పటి వేళకు అలవాటుపడిన జనం, ఎండ ముఖాన కొట్టగానే లేచి, పనివేళ దాకా ఏం చేయాలో తోచక అరుగుల మీద కూర్చుంటున్నారు. కోళ్లు కూతకు వేళ కుదరక మానేశాయట. సుక్కమ్మ ఇంటి ముందు చేట పట్టుకుని కూర్చుని ఉంది, చేటలో ఏమీ లేదు. ఊట ఆగిపోయిందని జమున చెప్పగానే ఆమె లోపలికెళ్లి, దుంపలు తవ్వే ఇనపమొన కర్ర తెచ్చుకుని, తలుపు గొళ్లెం పెట్టింది.

కొండ గేటు దగ్గర సెక్యూరిటీ అతను మర్యాదగానే పాసు రాసిచ్చాడు. వచ్చిన పని అన్న చోట, రోగిని చూడడానికి, అని వేశాడు.

సుక్కమ్మ ముందు నడిచింది. అత్త కాళ్లకు దారి తెలుసు. కానీ సగం ఎక్కాక ఆమె ఆగిపోయింది. పొద్దుపొడుపు వాలున ఉండవలసిన దుంపతీగలు పండుటాకులేసుకుని ఉన్నాయి. నీడ ఉండవలసిన వేళకు ఎండ ఉంది. ఆమె రెండుసార్లు వెనక్కి దిగి మళ్లీ ఎక్కింది. చివరికి ఒక రాయి మీద కూలబడి, ఇది మన కొండ కాదని, దారిలో ఎక్కడో మార్చేశారని అంది.

జమున దిక్సూచి తీసి చూసింది. అప్పుడు అర్థమైంది. జాయినయ్యే రోజున కొండ, పద్ధతి ప్రకారం, కలెక్టరుగారి గదికి అభిముఖంగా నిలబడింది. దాంతో ఊళ్లో తూర్పు చూసే వాలు ఇక్కడ పడమర చూస్తోంది. పొద్దుటి లేత ఎండకు అలవాటైన మొక్కలు సాయంత్రపు ఎండకు మాడుతున్నాయి. మాపటి ఎండ తాగే మొక్కలు ఆ ఎండ అందక ముడుచుకుంటున్నాయి. జమున ఇది నేల మీద పుల్లతో గీసి చూపించింది. సుక్కమ్మ ఆ గీతల వెంట వేలు పోనిచ్చింది.

"అలగైతే నాను నేర్సినదంతా తిరగేసుకోవాల," అంది చివరికి. "సరే. తిరగేసుకుందారి."

ఆ వారమంతా అత్తా కోడళ్లిద్దరూ కొండ మీదే గడిపారు. అత్త తీగను పట్టి ఎక్కడ కష్టపడుతోందో చెప్పేది, జమున ఎండనూ తడినీ కొలిచేది. వాళ్లు ఒకరి మాట ఒకరు సరిదిద్దుకున్నారు కూడా. జాతర కోడి పడకపోవడం వల్లే ఊట అలిగిందని అత్త గట్టిగా నమ్మింది. గొట్టాల నీళ్లలో ఉప్పు ఎక్కువై ఉంటుందని జమున అనుకుంది. ఇద్దరూ పొరబడ్డారు. అసలు సంగతి అత్త కర్రతో పొడిచినప్పుడు తెలిసింది. మొన దిగలేదు. మట్టి కల్లం లాగా బిగిసిపోయి ఉంది. జమున ఇనప వలయం ఒకటి నేలలోకి దించి, అందులో నీళ్లు పోసి చూస్తే, ఆ నీళ్లు ఇంకకుండా ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయాయి.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆడవాళ్లు ప్రతి చలికాలం దుంపలు తవ్వేవారు. గుంత తీసి, దుంప కింది భాగం తీసుకుని, తీగ ఉన్న తలను మళ్లీ అదే గుంతలో పెట్టి, ఆకూ అలమూ వేసి కప్పేవారు. వచ్చే ఏటికి దుంప మళ్లీ ఊరేది. ఆ గుంతల్లోంచే వాన కొండ కడుపులోకి దిగేది, ఆ వానే వేసవిలో ఊటై వచ్చేది. ఇక్కడ గొట్టాల నీళ్ల దెబ్బకు ఆ గుంతలన్నీ పూడి గట్టిపడిపోయాయి. మళ్లీ తవ్వకపోతే కొండకు ఊపిరాడదు. తవ్వరాదు అన్న బోర్డు చక్కటి అక్షరాలతో, తుప్పు పట్టని రేకు మీద రాసి ఉంది.

సాయంత్రం కొండ దిగే ముందు జమున అత్తతో ముకుందరావు చెప్పిన నిబంధన సంగతి చెప్పింది. ఏమీ చేయకుండా ఈ వానాకాలం వదిలేస్తే చాలు, కొండ పూర్తిగా ఎండుతుంది. పనికిరాదని తను రాస్తుంది. ఊరికి వచ్చేస్తుంది. బాగు చేస్తే మాత్రం ఇక ఎప్పటికీ రాదు.

సుక్కమ్మ కర్ర మొనకు అంటిన మట్టిని వేలితో తీసి, వాసన చూసి, మళ్లీ నేల మీదే రాసింది.

"మనిషికి జొరమొస్తే ఇంటికి తెచ్చుకోడానికని వైద్దెం మానీమంటావేటి?"

"ఇంటికొస్తుంది కదత్తా."

"ఏది వొస్తాది? రాళ్లొస్తాయి." ఆమె లేచి నిలబడింది. "బతికుంటే ఎక్కడున్నా కొండే. రాయి, నీ సదువుకి తెలిసిన మాటల్లో రాయి. తవ్వాలని రాయి."

జమున రాసింది. ఆ రాత కష్టమనిపించింది గానీ, రాస్తున్నంతసేపూ చిన్నప్పుడు గుంతలో తీగతల పెట్టి రెండు చేతులా మట్టి ఎగదోసిన చల్లదనం ఆమె అరచేతుల్లో ఉంది. ముకుందరావు ఆ నివేదికను రెండుసార్లు చదివి, ఏమీ మార్చకుండా సంతకం చేశాడు. తవ్వకం అన్న మాట నిషేధంలో ఉంది కాబట్టి పైవాళ్లు దానికి నేలగర్భ వాయుప్రసార కార్యక్రమం అని పేరు పెట్టి మంజూరు చేశారు. కరకవలస ఆడవాళ్లను పిలిపించి, ఆఫీసు వేళల్లో మాత్రమే తవ్వాలన్న షరతు మీద హాజరుపట్టీలో చేర్చుకున్నారు. తీసిన దుంప తినకుండా పారేస్తే తీగ మళ్లీ ఊరదని సుక్కమ్మ పట్టుబట్టడంతో, కలెక్టరాఫీసు క్యాంటీనులో దుంపల పులుసు మొదలైంది. కొత్తలో దురద అన్నవాళ్లు కూడా తరవాత రెండో గరిటె అడిగారు. ఆకు కోసేచోట ఆకు కోశారు. కాయ దులిపేచోట, పిట్టలకని పైకొమ్మ వదిలి, దులిపారు. తూర్పు మొక్కలను తూర్పుకూ పడమటి మొక్కలను పడమటికీ మార్చి నాటారు.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం, కార్లు నిలిపే చోటికి ఎగువన, ఊట మళ్లీ పుట్టింది. సుక్కమ్మ అడ్డాకు దొప్ప కుట్టి, ముందు జమునకు పట్టించింది. ఆ నీళ్లకు కరక వగరు ఉంది. ఇంటి నీళ్ల రుచి ఇదని తను మరిచిపోయిన సంగతి జమునకు అప్పుడు తెలిసింది. దొప్ప ఖాళీ అయినా ముఖానికి అడ్డంగా కాసేపు అలాగే పట్టుకుంది.

మరుసటి ఏడు ఆగస్టు పదిహేనున కొండకు ఉత్తమ సేవా పత్రం ఇచ్చారు. జమునకు కూడా ఒకటి ఇచ్చారు. పేపర్లలో ఫోటోలు వచ్చాయి. దీపావళి దాటాక, అంత చక్కగా పనిచేసే కొండ ఒక జిల్లాకే పరిమితం కావడం తగదని, పదోన్నతి మీద రాజధానికి బదిలీ చేశారు.

ముకుందరావు జమునను పిలిచి అభినందించాడు. అభినందిస్తూ ఆమె ముఖంలోకి చూడలేదు.

సుక్కమ్మ అప్పటికే మూట కట్టుకుంటోంది. దుంపతలలు తడిగోనెలో చుట్టి, కర్ర తుడిచి పెట్టుకుంది. ఎంత దూరమో, ఎన్నాళ్లో అడగవా అని జమున అంటే, "కొండ అడగనేదు. నానడిగితే దగ్గిరైపోతాదేటి?" అంది. తను లేనప్పుడు వేళకు తినమని చెప్పింది. మర్నాడు పొద్దున్నే కొండ బయలుదేరింది. వెనకాల కరకవలస ఆడవాళ్లు, అందరికంటే ముందు సుక్కమ్మ, కొండ నీడలోనే నడుస్తూ వెళ్లారు. మలుపు తిరిగేదాకా జమున రోడ్డు పక్కన నిలబడింది.

అప్పటి నుంచి కొండ ఒక చోట మూడేళ్లకు మించి ఉండడం లేదు. వెంట ఉన్నవాళ్లు ప్రతిచోటా ఎండ ఎటు పడుతుందో చూసుకుని, నేర్చినదాన్ని తిరగేసుకుంటున్నారు. సుక్కమ్మ ఏదో ఒక జిల్లాలో పోయింది. కొండ మీదే కప్పెట్టామని కబురు వచ్చింది. అంచేత ఆమె సమాధికీ బదిలీలు వర్తిస్తాయి.

కరకవలసలో మిగిలినవాళ్లు కొత్త మామిడి పండగ మానలేదు. కొండకు ఎదురుగా నిలబడి తొలికాయ పెట్టేదాకా ఆ ఏడు మామిడికాయ ఎవరూ కొరకరు. ఆ లోపల టెంక ముదురుతుంది, ముదిరిన టెంకే మొలుస్తుంది. జమున దీని మీద ఒక పరిశోధనా పత్రం కూడా రాసింది. ఇప్పుడు పండగ ముందు ఊరి పెద్ద గంగన్న ఆమెకు ఫోను చేసి, కొండ ఈ ఏడు ఎటు ఉందో అడుగుతాడు. ఆమె కంప్యూటర్లో పోస్టింగు చూసి, కిటికీ దగ్గరకు వెళ్లి పొద్దును బట్టి లెక్కగట్టి, దిక్కు చెబుతుంది. ఊరంతా అటు తిరిగి కాయ పెడుతుంది.

ఈ ఏడు కూడా గంగన్న ఫోను చేశాడు. కొండ పాత చోట రిలీవైంది. కొత్త చోటు ఇంకా ఇవ్వలేదు. ప్రస్తుతం హైవే పక్కన, ఉత్తర్వుల కోసం నిరీక్షణలో ఉంది. ఆ స్థితిలో ఉన్నదానికి దిక్కు ఉండదు.

"మరి పండగెలగమ్మా?" అన్నాడు గంగన్న.

"ఆర్డరొచ్చాక చెప్తాను తాతా. అందాకా ఆగండి."

"కాయలు ముగ్గి రాలిపోతన్నాయి గానీ, ఆగుతాంలే. ఆర్డరు నేకండా ఎలగ తింటాం?" అన్నాడాయన. తరవాత ఆమె పిల్లల చదువులు అడిగి ఫోను పెట్టేశాడు.

జమున కిటికీ దగ్గర నుంచి వచ్చి కూర్చుంది. బల్ల మీద, సరిహద్దు మండలంలో, బదిలీ పరిశీలనలో ఉన్న ఇంకో కొండ ఆరోగ్య నివేదిక పూర్తి చేయవలసి ఉంది. దాని ఊటలు బాగున్నాయి. అక్కడి జనం ఏటా తవ్వుతున్నారు, పైకొమ్మ వదులుతున్నారు, చిగురు ముట్టడం లేదు. కొండ సంపూర్ణ ఆరోగ్యంతో ఉంది. ఆమె ఉన్నదున్నట్టే రాసింది.