పక్క వరుసలో పడ్డ చిల్లు

ఆ రోజు బాయిలర్ మేస్త్రీ పెట్టుకున్న పని ఒక్కటే. నెల క్రితం ఆయన కూతురు పోయింది. ఆమె కూతురు, పన్నెండేళ్ళ పిచిక, తాత దగ్గరికి వచ్చి చేరింది. ఆ ఊళ్ళో ఇళ్ళు వెచ్చబడాలంటే పెద్ద బాయిలర్ నుంచి గొట్టాల్లో ఆవిరి రావాలి. ఎవరింటికి ఎంత అన్నది జనాభా ఆఫీసులోని కార్డుల యంత్రం తేలుస్తుంది. తన కార్డులో మనవరాలి పేరున ఒక చిల్లు పొడిపించుకుంటే పిల్ల గదికీ ఆవిరి వస్తుంది. పొద్దున్నే గడ్డం గీసుకుని, పిల్లకు ఒకటి లావుగా ఒకటి సన్నంగా రెండు జడలు వేసి బయల్దేరదీశాడు.

ఆఫీసులో గుమాస్తాకు జలుబు. కార్డు పెట్టి మీట మీద చెయ్యి వేసేసరికి తుమ్ము వచ్చింది. చిల్లు పక్క వరుసలో పడింది. యంత్రం కార్డును మింగి, పళ్ళచక్రాలు గిర్రున తిప్పి, 'మృతుడు' అని అచ్చేసిన చీటీ ఉమ్మింది.

తాను ఎదురుగానే ఉన్నానని మేస్త్రీ మర్యాదగా గుర్తుచేశాడు. కనబడుతూనే ఉన్నారని గుమాస్తా ముక్కు తుడుచుకుంటూ ఒప్పుకున్నాడు. కానీ కార్డు దిద్దాలంటే అర్జీ కావాలి. పోయినవాళ్ళ అర్జీ తీసుకునే అధికారం తనకు లేదు. వారసులెవరైనా పెడితే చూద్దామన్నాడు. పిచిక పెట్టింది. వారసురాలి అర్జీ కడుపులో పడగానే యంత్రం ఇంకో మూడు చీటీలు అచ్చేసింది. మేస్త్రీ ఇంటికి ఆవిరి కట్టెయ్యాలి. దిక్కులేని పిల్లను సాయంత్రం అనాథాశ్రమం బండి ఎక్కించాలి. శవాన్ని పొద్దుగూకేలోగా బాయిలర్ కింది కొలిమికి చేర్చాలి.

"తాతయ్యా, నన్ను తీసుకెళ్ళిపోతారా?"

"నేనుండగా ఎవరు తీసుకెళ్తారే?" అన్నాడు మేస్త్రీ. గొడవంతా తాను లేననే కదా అని ఆ తర్వాత తట్టి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి గొట్టాలు చల్లబడ్డాయి. గుమ్మంలో శవాల బండి ఆగి ఉంది. బండివాడు మొహమాటస్థుడు.

"తొందరేం లేదు మేస్త్రీ గారూ, భోంచేసే రండి. ఖాళీ బండితో వెళ్తే మాత్రం నా ఉద్యోగం పోతుంది."

అంతలో బాయిలర్ వైపు నుంచి మూడు కూతలు వినిపించాయి. ఒత్తిడి హద్దు దాటిందని అర్థం. ఆవిరిని బయటికి వదిలే పాత చక్రం ఎక్కడుందో, ఎటు తిప్పాలో ఊళ్ళో మేస్త్రీ ఒక్కడికే తెలుసు. పరుగున వెళ్ళాడు. వెనకాలే పిచిక, ఆ వెనకాలే బండి. గేటు కాపలావాడు జాబితా చూసి, పేరు కొట్టేశారు, లోపలికి పంపలేనన్నాడు.

"అది పేలితే నీ పేరూ కొట్టేస్తారు నాయనా," అన్నాడు మేస్త్రీ.

కాపలావాడు ఆలోచించాడు గానీ గేటు తియ్యలేదు.

పక్కనే కొలిమి బూడిద బయటికి తోలే గేటు ఉంది. శవాల బండిని అక్కడ ఎవరూ ఏమీ అడగరు. మేస్త్రీ బండి మీది శవాల పెట్టెలో పడుకున్నాడు. పిచిక పక్కన కూర్చుంది. ఏడుపు నటించాల్సిన పని పడలేదు. నెల రోజులుగా దిగమింగిందంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

లోపల ఇంజనీరూ నలుగురు పనివాళ్ళూ ఏ మీట లాగాలో తేలక వాదించుకుంటున్నారు. పెట్టెలోంచి శవం లేచి కూర్చుని, అది కాదు, ఎడమ పక్క చక్రం, అంది. అయిదుగురూ పారిపోయారు. వాళ్ళను చూసి బండివాడూ పారిపోయాడు.

చక్రం తిప్పడానికి ఇద్దరు కావాలి. మేస్త్రీ తన కోటు విప్పి పిచిక చేతులకు చుట్టి, తాను ఉత్త చేతులతో పట్టుకున్నాడు. కుడికి తిప్పితే ఆవిరి జనాభా ఆఫీసు కార్డుల హాల్లోకి పోతుంది, ఎడమకు తిప్పితే కూలీల వీధుల్లోకి.

"ఆఫీసులో ఎవరైనా ఉండుంటారా?"

"బండి మీంచి చూశాను తాతయ్యా. కూతలు విని అందరూ రోడ్డు మీదికి వచ్చేశారు. గుమాస్తా గారు అందరికంటే దూరంగా ఉన్నారు."

కుడికి తిప్పారు. మేస్త్రీ అరచేతుల చర్మం చక్రానికే అంటుకుపోయింది. ఊరు నిలిచింది.

హాల్లో లక్ష కార్డులు ఉడికి ముద్దయ్యాయి. ఇనప బీరువాలో ఉన్న మృతుల కార్డులే మిగిలాయి. సాయంత్రం పిచిక తాతకు చెంచాతో అన్నం తినిపిస్తూ, మాటిమాటికీ వీధిలోకి చూస్తుంటే, గుమాస్తా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేస్త్రీ గారూ, ఊళ్ళో తిరిగేవాళ్ళలో కార్డున్నది మీకొక్కరికే. నేను బతికే ఉన్నానని ఒక్క ముక్క రాసివ్వండి."

మేస్త్రీ కట్లు కట్టిన చేతులు చూపించాడు. గుమాస్తా తుమ్మి వెళ్ళిపోయాడు.

అనాథాశ్రమం బండి రాలేదు. దాన్ని తోలేవాడు బతికి ఉన్నట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు.